దుగరాజపట్నం, ఆర్మగాన్, ఇంకా కొన్ని పేర్లు

1626లో ఇంగ్లీషు వర్తకులు దుగరాజపట్నం తీరంలో స్థావరం పెట్టుకున్నారు. వాళ్ల కాగితాల్లో ఆ చోటు పేరు ఆర్మగాన్. తమకు సాయపడ్డ ఆరుముగ మొదలియారు పేరే అలా మారిందని చెబుతారు. అక్కడ అధికారిగా ఉన్న ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసు నేల సంపాదించాక కంపెనీ దక్షిణానికి తరలిపోయింది. ఊరు మాత్రం దుగరాజపట్నంగానే ఉండిపోయింది. ఎదురుగా కడలిలో ఉన్న ఇసుక మేటను నావికుల పటాలు ఆర్మగాన్ అనే రాస్తూ వచ్చాయి.

నెల్లూరు తీరంలో ఇలాంటివి బోలెడు. ఇక్కడి సరస్సు ఒడ్డునున్న తెలుగువాళ్లకు ప్రళయకావేరి, తమిళులకు పళవేర్కాడు. పటాలకెక్కింది మాత్రం పులికాట్. నెల్లూరు పేరుకే రెండు కథలున్నాయి. ‘నెల్’ అంటే వరి కనుక వరి పండే ఊరని కొందరు, నెల్లి అంటే ఉసిరిచెట్టు కింద వెలసిన శివలింగం వల్ల వచ్చిందని కొందరు అంటారు. ఒకటి ఎంచుకుని రెండోది చెరిపేయడం కన్నా, రెండూ రాసిపెట్టుకోవడమే మేలు.

ఆ పని మన దగ్గర పెద్ద ఎత్తున చేయించినవాడు కాలిన్ మెకంజీ. స్కాట్లండులో గేలిక్ మాట్లాడే లూయిస్ దీవి నుంచి వచ్చి, 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆయన కోసం కావలి వెంకట బొరయ్య, అతని తమ్ముళ్లు, ఇంకా ఎందరో సహాయకులు ఊరూరా సమాచారం సేకరించారు. కరణాలను, పెద్దలను అడిగి ఊరు ఎవరు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, పేరెలా వచ్చింది అన్నవన్నీ రాయించారు. అవే కైఫీయతులు. వాటిలో పురాణం పాలు ఎక్కువే. అయినా ఆనాడు ఆ పేరును ఎలా రాసేవారో వాటిలో దొరుకుతుంది, అదే అసలు విలువ.

ఐర్లండులో 1824లో మొదలైన సర్వే కోసం జాన్ ఓ డోనవన్ కూడా ఊళ్లు తిరిగి, ఐరిష్ మాట్లాడేవాళ్ల నోట పేర్లు విని, పాత రాతలతో సరిచూశాడు. నెల్లూరు వైపు అలా సరిచూడటానికి కావలసినంత సరంజామా ఉంది. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లో నెల్లూరు జిల్లా శాసనాలను మూడు సంపుటాలుగా అచ్చువేశారు. తెలుగు శాసనాలతో పాటు తమిళ శాసనాలూ అందులో ఉన్నాయి.

సరిచూడాల్సిన అవసరం ఎంత ఉందో బస్సు బోర్డులే చెబుతాయి. తోటపల్లి గూడూరు టీపీ గూడూరు అయింది, దొరవారి సత్రం డీవీ సత్రం అయింది, అనుమసముద్రంపేట ఏఎస్ పేటగా కుదించుకుపోయింది. 2014లో సచిన్ తెందుల్కర్ దత్తత తీసుకున్న పుట్టంరాజు కండ్రిగ దేశమంతటికీ పీఆర్ కండ్రిగగానే తెలిసింది. కండ్రిగను కొన్నిచోట్ల ఖండ్రిక అని రాస్తారు. విడిగా ఇచ్చిన ఇనాం నేల సంగతి అందులో దాగి ఉంది. జువ్వలదిన్నె అంటే జువ్విచెట్లున్న మిట్ట. ఇంగ్లీషులో దాన్ని ఒకచోట ‘జె’తోనూ మరోచోట ‘జెడ్’తోనూ రాస్తున్నారు. పొడి అక్షరాలు పలకడానికి సులువే, కానీ నాలుగు తరాల తర్వాత వాటి వెనకున్న పుట్టంరాజును ఎవరు గుర్తుపడతారు?

పేరు నమోదు చేయాలంటే శాసనంలోని రూపం, కైఫీయతులోది, రెవెన్యూ రికార్డులోది, ఇవాళ ఊళ్లో పలికేది నాలుగూ పక్కపక్కన, ఏ ఏడాదిదో సహా ఉండాలి. పట్టపు జాలర్లుండే పాలేల్లో ఇంట్లో తమిళం కలిసిన పట్టపు మాట నడుస్తుంది. అక్కడ తెలుగు పలుకుబడి ఒక్కటే రాసుకుంటే సగమే రాసినట్టు. దిబ్బలకు, మడుగులకు, కాలువ మలుపులకు వలవేసేవాళ్లు పెట్టుకున్న పేర్లు ఏ రికార్డులోనూ దొరకవు.

అన్నిటికన్నా ముందు శ్రీహరికోటలో ఈ పని మొదలుపెట్టాలి. 1971లో తొలి రాకెట్ ఎగిరేనాటికే ప్రయోగ కేంద్రం కోసం దీవిలోని పల్లెలను ఖాళీ చేయించడం మొదలైంది. ఆ పల్లెల పేర్లను, అక్కడి తోపుల పేర్లను అక్కడ పుట్టి పెరిగిన యానాదులు, ఇతరులు ఎలా పలికేవారో ఇప్పుడే అడిగి, గొంతుతో సహా రికార్డు చేసుకోవాలి.