తలలోని ఆటుపోట్లు ఎంతవరకు నిజం?

అండమాన్ దీవుల రాజధాని పోర్ట్ బ్లెయిర్‌కు ఇప్పుడు శ్రీ విజయపురం అని పేరు. అక్కడి తీరంలో సముద్రం రోజుకు రెండుసార్లు పొంగి, రెండుసార్లు వెనక్కి తగ్గుతుంది. ఆ ఆటుపోట్లను కొలిచేందుకు 1880లో అక్కడ ఒక పరికరాన్ని ఏర్పాటు చేశారు. 1881 డిసెంబర్ 31న కార్ నికోబార్ సమీపంలో వచ్చిన భూకంపం సునామీని పుట్టించింది. దాన్ని ఆ పరికరం నమోదు చేసింది. నాగపట్నం, మద్రాసు, విశాఖపట్నం తీరాల్లోని పరికరాలూ అదే అలను తమ కాగితాలపై గీశాయి. వేర్వేరు చోట్ల తీసిన కొలతలు ఒకదానితో ఒకటి సరిపోయాయి కాబట్టే, శతాబ్దం తర్వాత కూడా శాస్త్రవేత్తలు వాటి ఆధారంగా ఆ భూకంప తీవ్రత సుమారు 7.9 అని లెక్కగట్టగలిగారు.

మనిషి తలలోనూ ఇలాంటి ఆటుపోట్లు ఉన్నాయని, వాటిని వేళ్లతో పసిగట్టవచ్చని చెప్పే చికిత్స ఒకటుంది. దాని పేరు క్రేనియోసేక్రల్ థెరపీ. క్రేనియం అంటే పుర్రె, సేక్రమ్ అంటే వెన్ను చివర ఉండే త్రికాస్థి.

ఎలా పుట్టింది?

1899లో అమెరికాలో ఆస్టియోపతీ విద్యార్థిగా ఉన్న విలియం సదర్లాండ్ విడదీసిన పుర్రె ఎముకలను చూశాడు. వాటి అంచుల ఏటవాలు ఆయనకు చేప మొప్పలను గుర్తుకు తెచ్చింది. అయితే ఈ ఎముకలు కదలడానికే ఉన్నాయేమో అనుకున్నాడు. 1970ల్లో జాన్ అప్‌లెడ్జర్ ఈ ఆలోచనను నేటి చికిత్సగా మలిచాడు. మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం నిమిషానికి 6 నుంచి 12 సార్లు ఒక లయలో పొంగి తగ్గుతుందని, ఆ లయకు అడ్డంకి ఏర్పడితే జబ్బులు వస్తాయని దీన్ని చేసేవారి నమ్మకం. సుమారు 5 గ్రాముల ఒత్తిడితో తల, నడుము తాకి ఆ అడ్డంకిని తొలగిస్తామంటారు. తలనొప్పి నుంచి నిద్రలేమి వరకు చాలా సమస్యలకు దీన్ని సూచిస్తుంటారు.

కొలతలు ఏమంటున్నాయి?

ఇందులో ఒక భాగం నిజమే. పెద్దవారిలో సుమారు 150 మిల్లీలీటర్ల మస్తిష్క ద్రవం ఉంటుంది. శరీరం రోజుకు దాదాపు అరలీటరు కొత్త ద్రవాన్ని తయారుచేస్తుంది. గుండె కొట్టుకున్నప్పుడు, శ్వాస తీసుకున్నప్పుడు ఇది కదులుతుందని ఎంఆర్‌ఐ స్కాన్లలో కనిపిస్తుంది. గాఢనిద్రలో సుమారు 20 సెకన్లకోసారి పెద్ద అలలా ప్రవహిస్తుందని 2019లో బోస్టన్ పరిశోధకులు చూపించారు.

అయితే చికిత్సకులు చెప్పే ప్రత్యేక లయ పరీక్షకు నిలవలేదు. 1994లో ముగ్గురు అనుభవజ్ఞులైన ఫిజియోథెరపిస్టులు విడివిడిగా 12 మందిని తాకి ఆ లయను లెక్కపెట్టారు. ఒకరి లెక్క మరొకరి లెక్కతో కలవలేదు. 1998లో ఒకే వ్యక్తి తల దగ్గర ఒకరు, పాదాల దగ్గర ఒకరు ఉండి ఒకేసారి లెక్కించినా ఫలితం అంతే. నాగపట్నం, మద్రాసు పరికరాలకు దొరికిన పొంతన ఇక్కడ దొరకలేదు.

పుర్రె కదలిక సంగతీ చూడాలి. పసిపిల్లల మాడు మెత్తగా ఉంటుంది. సాధారణంగా ఏడాదిన్నర వయసుకల్లా మూసుకుంటుంది. పెద్దయ్యాక ఎముకల అంచులు రంపపు పళ్లలా ఒకదానిలో ఒకటి బిగుసుకుంటాయి. 5 గ్రాముల ఒత్తిడికి అవి జరుగుతాయనడానికి ఆధారం లేదు.

మరి హాయిగా ఎందుకుంటుంది?

నిశ్శబ్దమైన గది, గంటసేపు పడక, మన గురించే శ్రద్ధ పెట్టే మనిషి, మృదువైన స్పర్శ. వీటితో కండరాలు సడలుతాయి, ఆందోళన తగ్గుతుంది. నెమ్మదిగా తాకే స్పర్శకు స్పందించే ప్రత్యేక నాడులు మన చర్మంలో ఉన్నాయి. పైగా చాలా నొప్పులు వాటంతటవే ఎక్కువై తగ్గుతుంటాయి. బాగా నొప్పిగా ఉన్నప్పుడు చికిత్సకు వెళితే, తర్వాత వచ్చే ఉపశమనం ఆ చికిత్స పుణ్యమే అనిపిస్తుంది.

దీర్ఘకాలిక నొప్పులపై 681 మంది పాల్గొన్న 10 ప్రయోగాలను కలిపి 2019లో చేసిన విశ్లేషణ కొంత మేలు కనిపించిందని చెప్పింది. 2024లో 15 ప్రయోగాలను పరిశీలించిన మరో సమీక్ష మాత్రం ఏ సమస్యలోనూ ప్రయోజనం తేలలేదని ముగించింది.

దీవుల్లో ఆలస్యం ఖరీదు

2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. అక్కడి నుంచి చెన్నైకి గానీ విశాఖకు గానీ ఓడలో చేరాలంటే రెండు మూడు రోజులు పడుతుంది. దూరపు దీవుల వారు ముందు శ్రీ విజయపురం చేరుకోవాలి. అలాంటి చోట తలపోటును "నాలుగు సిట్టింగులతో తగ్గిపోతుందిలే" అని వారం రోజులు నెట్టుకొస్తే, అసలు వైద్యానికి మిగిలే సమయం తగ్గిపోతుంది.

ఉన్నట్టుండి వచ్చే భరించలేని తలనొప్పి, జ్వరంతో పాటు మెడ బిగుసుకోవడం, మూర్ఛ, మాట తడబడటం, ఒకవైపు చేయి కాలు పట్టు తప్పడం, తలకు దెబ్బ తగిలాక వాంతులు వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పసిపిల్లల తల, మెడ మీద ఎవరితోనూ ఒత్తిడి పెట్టించకూడదు.

డాక్టర్ పరీక్షించి ప్రమాదమేమీ లేదన్నాక, మనసుకు హాయి కోసం ఓ గంట ఇలాంటి చికిత్సకు వెళ్లాలనుకుంటే అది వారిష్టం. వాడుతున్న మందులు మాత్రం మానకూడదు, అవసరమైన ఓడ ప్రయాణం వాయిదా వేయకూడదు.