పాత గిటార్‌కి పన్నెండు కొత్త తీగలు.. బిగించే ముందు ఇవి చూడండి!

నాన్నో, బాబాయో కాలేజీ రోజుల్లో వాయించిన పన్నెండు తీగల గిటార్ అటక మీద ఉందా? ఆన్‌లైన్‌లో కొత్త సెట్ తెప్పించి బిగించేద్దాం అనుకుంటున్నారా? కాస్త ఆగండి. మామూలు శ్రుతిలో ఆరు తీగల గిటార్‌ని తీగలన్నీ కలిపి లాగే బలం సుమారు 70-75 కిలోలు. పన్నెండు తీగలదైతే అది 110 కిలోల దాకా వెళ్తుంది. ఏళ్ల తరబడి అంత బలంతో లాగితే పాత జిగురు వదులుతుంది, ముందు చెక్క ఉబ్బుతుంది, నెక్ కోణం మారుతుంది. అందుకే తీగల కంటే ముందు గిటార్ ఆరోగ్యం చూడాలి.

మూడు పరీక్షలు

* బ్రిడ్జి వెనక అంచు కింద సన్నటి కాగితం దూర్చి చూడండి. లోపలికి వెళ్తే జిగురు ఊడుతున్నట్టే.
* బ్రిడ్జి వెనక చెక్క మీద స్టీల్ స్కేలు అడ్డంగా పెట్టండి. కొద్దిపాటి ఉబ్బు సహజం. బాగా ఊగితే అనుమానించాలి.
* పాత తీగలు ఇంకా బిగువుగా ఉంటే, 12వ ఫ్రెట్ దగ్గర లావు తీగ కింద ఎత్తు కొలవండి. 3 మిల్లీమీటర్ల లోపు ఉంటే హాయిగా వాయించొచ్చు. 4 దాటితే నెక్ కోణం మారి ఉండొచ్చు. ట్రస్ రాడ్ తిప్పితే నెక్ వంపు సరవుతుంది గానీ కోణం సరికాదు.

వీటిలో ఏది తేడాగా ఉన్నా కొత్త తీగలు పక్కన పెట్టి, గిటార్ రిపేర్ చేసేవాళ్లకి చూపించండి.

విప్పే ముందు ఒక ఫొటో

తలభాగం, బ్రిడ్జి రెండింటినీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఏ తీగ ఏ కీకి వెళ్లిందో తర్వాత వెతుక్కోనక్కర్లేదు. ఇందులో ఉన్నవి ఆరు జతలు. పై రెండు సన్న జతల్లో రెండు తీగలూ ఒకే స్వరం. మిగతా నాలుగు జతల్లో ఒకటి మామూలు తీగ, దాని పక్కది ఒక స్థాయి పైన పలికే సన్న తీగ. ఆ గలగల అంతా అక్కడి నుంచే వస్తుంది.

బిగువుగా ఉన్న తీగని ఎప్పుడూ కత్తిరించొద్దు. అన్నింటినీ కొంచెం కొంచెంగా వదులు చేస్తూ విప్పండి. ఇప్పుడు ఫ్రెట్‌బోర్డ్ తుడవడానికి మంచి సమయం. ముందు పొడిగుడ్డతో తుడిచి, రోజ్‌వుడ్ అయితే ఫ్రెట్‌బోర్డ్ ఆయిల్ రెండు చుక్కలు రాసి వెంటనే తుడిచేయండి. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె మాత్రం వద్దు. అది చెక్కలో ముక్కిపోతుంది.

బిగించేటప్పుడు

పాత గిటార్‌కి 10-47 లైట్ సెట్ చాలు. తీగ చివరి గుండు లోపల చెక్కకి ఆనేలా తీగని పైకి లాగుతూ పిన్ నొక్కండి. కీ దగ్గర సుమారు 5 సెంటీమీటర్లు వదులుంచి చుట్టండి. లావు తీగకి రెండు మూడు చుట్లు, సన్న తీగకి నాలుగైదు. చుట్లు పైనుంచి కిందికి రావాలి. నట్ గాడిలో పెన్సిల్‌తో గీస్తే తీగ ఇరుక్కోకుండా జారుతుంది.

రెండు ఫ్రెట్లు కిందికి

అసలు కిటుకు ఇదే. గిటార్‌ని మామూలు శ్రుతి దాకా లాగకండి. రెండు ఫ్రెట్ల మేర తగ్గించి డి-జి-సి-ఎఫ్-ఎ-డి శ్రుతి పెట్టండి. తీగల లాగుడు దాదాపు ఐదోవంతు తగ్గుతుంది. పాట మామూలు శ్రుతిలో కావాలంటే 2వ ఫ్రెట్ మీద క్యాపో పెడితే సరి. ఇదేమీ రాజీ కాదు. అమెరికన్ జానపద, బ్లూస్ గాయకుడు లెడ్ బెల్లీ తన పన్నెండు తీగల గిటార్‌ని ఇంతకన్నా కిందికి దించే వాయించాడు. ఆ గంభీరమైన నాదం ఆయన గుర్తు.

శ్రుతి చేసేటప్పుడు జతలో ఒక తీగని వేలితో ఆపి, రెండోదాన్ని మాత్రమే మీటండి. లేకపోతే ట్యూనర్ యాప్ తికమకపడుతుంది. ఎక్కువగా తెగేది మూడో జతలోని సన్న తీగ. దాన్ని బిగించేటప్పుడు మొహం పక్కకి పెట్టుకోండి. ఆ రోజుకి అలా వదిలేసి, మర్నాడు మళ్లీ సరిచేయండి.

తర్వాత జాగ్రత్తలు

వాయించాక తీగలు తుడవడానికి అర నిమిషం చాలు. చెక్కకి 45-55 శాతం తేమ అనువు. విశాఖ లాంటి తీరంలో ఉంటే కేసులో సిలికా జెల్ పొట్లాలు వేయండి. ఎండాకాలం కారులో మాత్రం వదలొద్దు, ఆ వేడికి జిగురు మెత్తబడుతుంది. నెలల తరబడి వాయించనప్పుడు తీగలు ఇంకాస్త వదులు చేసి కేసులో పెట్టండి. తీగ తెగితే ఇంకోటి కొనొచ్చు. కానీ ఏళ్లు గడిచి మాగిన ఆ చెక్క మోగే తీరు ఏ దుకాణంలోనూ దొరకదు.