అడవిపల్లెలో నాలుగు దినములు

గృహిణికి సెలవుదినమనునది ఏ పంచాంగమునను కానరాదు. పిల్లల బడికి సెలవులు కలవు. పురుషుల కచేరీలకు సెలవులు కలవు. వంటయింటికి మాత్రము లేవు. ఇంటనందఱకును సెలవైననాడే మనకు పని రెట్టింపగును. ఇట్లుండగా గత సంవత్సరము చైత్రమాసమున, భద్రాచలములో కాపురమున్న మా పినతల్లి కూతురు కబురు పంపినది. "అక్కా! నవమి తిరునాళ్ళ రద్దీ తగ్గింది. పిల్లల్ని తీసుకుని రా. దేవుడి దర్శనం అవుతుంది, అడవిలో నాలుగు రోజులు విశ్రాంతీ అవుతుంది" అని దాని సారాంశము. మా యింటివారును కాదనలేదు. ఆ యాత్రలో నేను చూచినదానిని, విన్నదానిని సోదరీమణులకు విన్నవించుకొందును.

ఖమ్మమునుండి భద్రాచలమునకు సుమారు 120 కిలోమీటర్ల దారి. కొత్తగూడెము వఱకు రైలును కలదు. ఆ స్టేషనుకు "భద్రాచలం రోడ్" అని పేరు. కాని అచ్చట దిగిన యాత్రికులు ఇంకను 40 కిలోమీటర్లు రోడ్డుమీద పోవలెను. కొత్తగూడెము సింగరేణి బొగ్గుగనులకు ముఖ్యస్థానము. తరువాత వచ్చు పాల్వంచలో విద్యుత్కేంద్రము కలదు. గోదావరి కీవలి గట్టున సారపాకలో 1979లో పని మొదలిడిన పెద్ద కాగితపుమిల్లు కలదు. మన యింట దీపము వెలుగుటకు బొగ్గును, పిల్లలు వ్రాసికొనుటకు కాగితమును ఈ యడవిసీమ యిచ్చుచున్నదని పిల్లలకు చూపించితిని. ఇన్ని యిచ్చిన సీమలోని పల్లెకు ఏమి దక్కినదో అప్పటికి నాకు తెలియదు.

పాల్వంచ చేరువను కిన్నెరసాని జలాశయమును చూచితిమి. చుట్టును కొండలు, టేకుచెట్లు, నడుమ కదలని నీరు. అత్తింటి మాటలు భరింపలేక అడవిలోనికి పరుగెత్తి, కరగి యేఱైపోయిన కోడలి కథను విశ్వనాథ సత్యనారాయణగారు "కిన్నెరసాని పాటలు"గా రచించినది ఈ యేటిని గూర్చియే. భర్త రాయి యైపోయెననియు, చివరకు గోదావరియే యామెను తనలో దాచుకొనెననియు ఆ కథ. మా చిన్నది విని, "మనమూ అట్లాగే ఇంట్లోంచి పారిపోయి వచ్చామా అమ్మా?" అనెను. "నాలుగు రోజులకు మాత్రమే" అని నవ్వితిని.

భద్రాచలమును గూర్చి తెలియని తెలుగు ఇల్లాలుండదు. నేలకొండపల్లిలో పుట్టి, పాల్వంచ పరగణాకు తహశీలుదారై, కోవెల కట్టించి, గోలకొండ చెఱసాలలో బాధలు పడిన కంచెర్ల గోపన్న కథ మనకు ఉగ్గుపాలతోనే వచ్చినది. ఊరి చరిత్రలో తక్కినది మాత్రము కొందఱికే తెలియును. ఒకప్పుడు గోదావరికి ఆవలి గట్టుననున్న భద్రాచలము మద్రాసు ప్రభుత్వము క్రిందను, ఈవలి గట్టు నిజాముగారి రాజ్యములోను ఉండెడివి. 1953లో ఖమ్మము జిల్లా యేర్పడిన తరువాతకూడ భద్రాచలము తూర్పు గోదావరి జిల్లాలోనే యుండి, 1959లో ఖమ్మములో చేరినది. 2014లో తెలంగాణము ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు పోలవరము ప్రాజెక్టు నిమిత్తము చుట్టుపట్ల పల్లెలనేకము ఆంధ్రప్రదేశములో కలిసినవి. భద్రాచలము పట్టణము తెలంగాణములో నిలిచినది. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా వేఱుపడినది. సరిహద్దు లెన్నిమార్లు మాఱినను అడవి యొక్కటియే, యేఱొక్కటియే, వానిని నమ్ముకొన్న కోయలును కొండరెడ్లును ఒక్కటియే.

మఱునాడు దుమ్ముగూడెము దారిని బయలుదేఱి పర్ణశాల చూచికొని, ఇంకను లోపలికి పోయితిమి. మా మఱదిగారు ఉపాధ్యాయులు. పూర్వము కొన్నేండ్లొక కోయపల్లె బడిలో పనిచేసిరి. ఆ చనవుచేతనే మాకచ్చట ఆతిథ్యము దొఱకినది. ఆ పల్లె పేరు నేను వ్రాయను. వ్రాసినచో వచ్చెడి సెలవులకు పది బండ్లవారు వంటసామానులతో దిగుదురని నాకు భయము. రోడ్డు విడిచిన పిదప రెండు వాగులు దాటితిమి. చైత్రమాసమగుటచే వానిలో చీలమండ మునుగునంత నీరైనను లేదు. ఇసుకలో చెలమలు త్రవ్వి స్త్రీలు బిందెలు నింపుకొనుచుండిరి.

ముప్పది యిండ్ల పల్లె. వెదురు తడికలకు మట్టి మెత్తిన గోడలు, వంగి లోపలికి పోవలసిన చూరులు, పేడతో అలికిన వాకిళ్ళు. వాకిటిలో ఎండుటాకైనను లేదు. మేము దిగిన యింటి యత్త మాకు సొరబుఱ్ఱతో జావ తెచ్చి పోసినది. అయిదవనెల గర్భముతోనున్న కోడలు చాప పఱచినది. సెల్‌ఫోను మ్రోగలేదు, అది పలుకవలెనన్న దగ్గఱి మిట్ట యెక్కవలెనట. రాత్రి చుక్కలు చేతికందునట్లుండెను. "ఇంత శాంతి మన పట్టణములలో ఎక్కడిది?" అని నేను మా చెల్లెలితో అంటిని. ఆమె యేమియు పలుకలేదు.

తెల్లవాఱుజామున అత్త నన్ను లేపినది. ఇప్పపూవు రాలు వేళ. ఇప్పచెట్టు రాత్రివేళ పూచి, వేకువను పూవు రాల్చును. మీగడ రంగున, కండగలిగి, ద్రాక్షపండువలె నుండును, నమలిన తియ్యన. మానవులకేకాదు, ఎలుగుబంట్లకును ఈ పూవు ప్రీతి. కావుననే స్త్రీలొంటరిగా పోరు, గుంపుగా పోదురు. చెట్టుక్రింద నేల ముందే తుడిచియుంచిరి. నడుము వంచి గంపెడు పూవులేఱుసరికి ప్రొద్దెక్కినది. అర్ధగంటలో నా నడుము పట్టుకొనిపోయినది. వారు మాత్రము ఇంటికి వచ్చి పూవుల నారబోసి, నీరు తెచ్చి, పొయ్యి రాజేసిరి. ఇప్పపూవును ఎండబెట్టి తినుటకును అమ్ముటకును ఉంచుకొందురు. గింజలనుండి నూనె తీయుదురు. పూవు ముగియగానే తునికాకు వచ్చును. ఏబది యాకుల కొక కట్ట. ఎండలో కోసి, నీడలో కట్టలు కట్టి, కల్లమునకు మోసికొనిపోవలెను. మన యింటి పనివలెనే వారి యడవిపనికిని సెలవు లేదు.

ఒక కట్టుబాటు నా కెంతయో నచ్చినది. చెట్టునిండ మామిడికాయలున్నను, కొత్తల పండుగ చేసి దేవతకు పెట్టువఱకు పల్లెలో పిల్లవాడైనను ముట్టడు. మా పిల్లలొక కాయ రాలిచి, అచ్చటి పిల్లలు నిలిచి చూచుట గమనించి, సిగ్గుపడి చేత పట్టుకొని వచ్చిరి. అత్త నవ్వి, "చుట్టాలకు తెలవదుగా" అని వారి బుగ్గలు నిమిరినది.

మూడవనాటి సాయంకాలము వాకిటిలో కూర్చుండి నేను మరల అదే మాట అంటిని: "అక్కా! మీ ఊరు ఎంత నిశ్శబ్దంగా, హాయిగా ఉంది!"

ఆమె కొంతసేపూరకుండి ఇట్లనెను: "అవునమ్మా, ఇప్పుడు హాయే. శ్రావణంలో వచ్చి చూడు. ముందు వాగు పొంగితే ఆసుపత్రి బండి రాదు, బండి అక్కడిదాకే. మనిషిని మంచానికి కట్టి మోసుకుపోవాలి. నా పెద్దకోడలిని అట్లాగే మోసుకుపోయారు. వాగుగట్టున రాత్రంతా కూర్చున్నాం. తెల్లారేసరికి తల్లీ లేదు, బిడ్డా లేదు. ఆ రాత్రీ ఇట్లాగే నిశ్శబ్దంగానే ఉంది."

నేను తల యెత్తలేకపోతిని. గర్భిణియైన చిన్నకోడలు పొయ్యిదగ్గఱ మావైపు వీపు పెట్టి కూర్చుండియుండెను. ఆమెకు నెలలు నిండునది సరిగా శ్రావణమే.

గోదావరి పొంగినప్పుడు వాగుల నీరు కలియుటకు దారిలేక వెనుకకు ఎగదన్నును. భద్రాచలమువద్ద 43 అడుగులకు మొదటి ప్రమాదసూచన యిత్తురు. 1986 ఆగస్టులో 75.6 అడుగులును, 2022 జూలైలో 71.3 అడుగులును నీరు వచ్చినది. పత్రికలలో ఆ యంకెలను చదివి మనము మఱచిపోదుము. ఆ యంకె వెనుక ఎన్ని పల్లెల వాకిళ్ళలో ఎందఱు గర్భిణులు దినములు లెక్కపెట్టుకొనుచుందురో ఆ సాయంకాలము నాకు తెలిసినది. మనకు విశ్రాంతి నిచ్చిన దూరమే వారికి ఆపద.

అంతవఱకు మాటాడని మా చెల్లెలు అపుడు లేచి కోడలిదగ్గఱ కూర్చుండి, "మా ఇల్లు ఆసుపత్రికి దగ్గరే. వసారాలో గది ఖాళీగా ఉంది. ఆషాఢం రాగానే అత్తాకోడళ్ళిద్దరూ వచ్చి ఉండండి" అన్నది. అత్త వెంటనే ఒప్పుకొనలేదు. "ఊరికే ఉండటం మాకు అలవాటు లేదు పంతులమ్మా" అనెను. "ఊరికే ఎవరుండమన్నారు? నాకు విస్తళ్ళు కుట్టడం నేర్పించు" అని మా చెల్లెలు. అప్పుడామె నవ్వినది. కోడలు మావైపు తిరిగినది.

అడవిపల్లెలకు పోదలచు సోదరీమణులకు నాకు తెలిసిన నాలుగు మాటలు చెప్పెదను. కార్తీకము మొదలు ఫాల్గుణము వఱకు పోవుటకు అనువైన కాలము, చైత్రమున ఎండ కలదు కాని ఇప్పపూవును కలదు, వానలలో పోరాదు. ఆ సీమలో మలేరియా కలదు కనుక దోమతెర తప్పక కొనిపొండు. నీరు కాచి త్రాగుడు. తెచ్చిన ప్లాస్టిక్కు సంచులన్నియు మరల వెంట తెచ్చుకొనుడు. తెలిసినవారి తోడులేక, పల్లెపెద్దల యనుమతి లేక పోకుడు. అడుగక ఎవరికిని ఫోటోలు తీయకుడు. కొమ్ము నృత్యమును రేలపాటను వేడుకకై ఆడించి చూపుమని కోరకుడు. అవి వారి పండుగలకును పెండ్లిండ్లకును చెందినవి. తేనె, చింతపండు, ఇప్పపూవు కొన్నచో బేరమాడకుడు. మనము గంట బేరమాడి మిగిల్చిన సొమ్ము వారికొక వేకువ కష్టము. "ఇచ్చట కొంచెము స్థలము కొని యిల్లు కట్టుకొందమా" యను ఊహ వచ్చినను మానుకొనుడు. 1959 నాటి శాసనమును 1970లో సవరించి, ఈ సీమలో గిరిజనుల భూమి ఇతరుల చేతికి పోకుండ కట్టడి చేసిరి. ఆ చట్టము మంచిదనియే నా తలపు.

నాలుగవనాడు బయలుదేఱునప్పుడు సొమ్మీయబోగా అత్త పుచ్చుకొనలేదు. మా పిల్లల కొంగులలో ఎండిన ఇప్పపూవు పోసినది. దానిని బెల్లముతో దంచి ఉండలు చేసి యిరుగుపొరుగువారికి పెట్టితిని.

శ్రావణమున రెండవ శుక్రవారమునాడు మా చెల్లెలు ఫోను చేసినది. ముందటి రాత్రినుండి వాన యెడతెగక కురియుచున్నదట. వాగు పొంగి దారి తెగినదట. "ఆసుపత్రికి నడిచే వెళ్ళాం, గొడుగు పట్టుకుని. ఆడపిల్ల. తల్లి బాగుంది. అత్త రాత్రి నుంచీ ఒక్క మాట మాట్లాడలేదు, మనవరాలిని ఒడిలోంచి దించలేదు" అనెను. ఆ యింటి వసారాగదిని ఈ యేడు మఱియొక పల్లెనుండి యొక గర్భిణి యడిగినదట. ఆసుపత్రి చేరువను కాపురమున్న యిల్లాండ్రలో వసారా కలిగినవా రింకను పలువురుందురు గదా!