పాత మోటారు సైకిలుకు కొత్త రూపము: గ్రామ పెద్దలు తెలిసికొనదగిన విషయములు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల గ్రామములలో తండ్రుల నాటి బుల్లెట్లు, ఎజ్డీలు, రాజ్‌దూత్‌లు పశువుల కొట్టములలో దుమ్ము పట్టి యుండుట కలదు. అట్టి బండిని బయటకు తీసి, ఇంటివద్దనే విప్పి, ‘కెఫే రేసర్’గా మార్చవలెనని కొందరు యువకులు ముచ్చట పడుదురు. ఈ ముచ్చట తప్పు కాదు. దీనివలన చేతికి పని వచ్చును. కాని తెలియక చేసిన మార్పు ప్రాణమునకే ముప్పు తెచ్చును. కావున పంచాయతీ సభ్యులు ఈ సంగతులు తెలిసికొని యువకులకు చెప్పవలెను.

కెఫే రేసర్ అనగా నేమి?

1950, 60 దశకములలో ఇంగ్లండు దేశపు యువకులు లండనులోని ఏస్ కెఫే వంటి ఫలహారశాలల వద్ద చేరి, అచటినుండి పందెములు వేసికొనెడివారు. వేగము కొరకు బండి బరువు తగ్గించి, హ్యాండిలు క్రిందికి దించి, ఒక్కరికే చాలు సీటు అమర్చుకొనిరి. ఆ రూపమునకే ఈ పేరు వచ్చినది. మన దేశమున 1955 నుండి మద్రాసులో బుల్లెట్లను తయారుచేసిన రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ, 2013లో ఇదే రూపమున కాంటినెంటల్ జీటీ బండిని విడుదల చేసినది.

పని వరుస

అందము తరువాత, భద్రత ముందు. మొదట బ్రేకు లైనర్లు, టైర్లు, చైను, హ్యాండిలు బేరింగులు, వెనుక చక్రపు బుష్షులు పరీక్షించి, అరిగినవి మార్చవలెను. పాత వైర్ల తొడుగు పగిలియుండును. కావున కొత్త వైరింగు వేసి ఫ్యూజు తప్పక పెట్టవలెను.

హ్యాండిలు దించినచో పాత కేబుళ్లు పొడవగును. బండి నిలిపి, ఇంజను నడుపుచు హ్యాండిలును ఇరువైపుల పూర్తిగా త్రిప్పి చూడవలెను. ఇంజను వేగము తనంతట పెరిగినను, కేబులు నలిగినను ఆ బండి రోడ్డెక్కరాదు.

వెల్డింగునకు ముందు బ్యాటరీ విప్పి, పెట్రోలు ట్యాంకు తీసి దూరముగా నుంచవలెను. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరియే ప్రేలును. కావున ట్యాంకును ఇంటివద్ద ఎన్నడును వెల్డింగు చేయరాదు. ఫ్రేమును కోయరాదు. సరిగా అతుకని చోట అది నడుమ దారిలో విరుగవచ్చును. ఛాసిస్ నంబరును గీకినను, చెరిపినను బండి దొంగసొత్తను అనుమానము కలుగును.

చట్టము

మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారీదారు నిర్దేశించి రిజిస్ట్రేషను పత్రములో నమోదైన వివరములకు భిన్నముగా వాహనమును మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనినే స్పష్టపరచినది. అదే సంవత్సరపు సవరణ ప్రకారము, అట్టి మార్పు చేసిన యజమానికి 6 నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండును విధింపవచ్చును. అద్దములు, వెనుక కూర్చుండువారి పట్టుగొమ్మ, చీర చక్రములో చిక్కకుండు కవచము నియమముల ప్రకారము ఉండవలసినవే. కావున పని మొదలిడక ముందే రవాణా శాఖ కార్యాలయమున అడిగి తెలిసికొనుట మేలు.

తొలి రిజిస్ట్రేషను 15 సంవత్సరముల వరకే చెల్లును. పిదప బండిని పరీక్ష చేయించి 5 సంవత్సరములకొకసారి పొడిగించుకొనవలెను. పూర్వపు ‘ఏపీ 22’ నంబరు గల బండ్లలో అనేకమునకు ఈ గడువు దాటినది. భీమా సంస్థకు తెలుపని మార్పు వలన, ప్రమాదము జరిగిననాడు పరిహారము నిరాకరింపబడవచ్చును.

పంచాయతీ చేయదగినది

గ్రామసభలో ఈ విషయములను చదివి వినిపింపుడు. ఊరి మెకానిక్కును పిలిచి, బ్రేకులు పరీక్షింపక ఏ బండిని ఇవ్వవద్దని చెప్పుడు. సైలెన్సరు తొలగించి రాత్రివేళ చప్పుడు చేయుట రోగులకు, చదువుకొను పిల్లలకు బాధ యని తెలుపుడు. వడ్లు రోడ్లపై ఆరబోయు దినములలో గింజలపై చక్రము జారును. బీచుపల్లి మీదుగా పోవు 44వ జాతీయ రహదారి పందెములకు చోటు కాదు.

పాత బండిని బాగుచేసికొను యువకుని నిరుత్సాహపరుపక, సరియైన త్రోవ చూపుదము. తండ్రి నడిపిన బండిపై కుమారుడు క్షేమముగా ఇల్లు చేరవలెను.