వయసు మళ్ళిన రౌతు

గుఱ్ఱమనగానే మనకు వేగము స్ఫురించును. మనుమంచి భట్టు వంటి మన పూర్వకవులు అశ్వలక్షణములను పద్యములలో చెప్పిరి. అయితే తల నెరసిన రౌతు గుఱ్ఱము నెన్నుకొనునపుడు దాని లక్షణములతోపాటు తన నడుము, మోకాళ్ళు ఏ స్థితిలో నున్నవో కూడ ఎఱిగి యుండవలెను. ఆ సంగతి ఒప్పుకొనుటకే పెక్కుమంది జంకుదురు.

2022లో, 96 ఏండ్ల వయసున కన్నుమూసిన బ్రిటను రాణి రెండవ ఎలిజబెత్ జంకలేదు. కెనడా అశ్విక పోలీసు దళము 1969లో ఆమెకు బర్మీస్ అను నల్లని ఆడుగుఱ్ఱమును కానుకగా నిచ్చెను. ఆ యేడు మొదలు 1986 వఱకు తన జన్మదినోత్సవపు కవాతునకు రాణి దానిపైననే వెళ్ళెను. 1981లో ఒక యువకుడు దారిలో ఉత్తుత్తి తూటాలు పేల్చగా బర్మీస్ బెదరెను. రాణి దానిని వెంటనే అదుపులోనికి తెచ్చెను. బర్మీస్ విశ్రాంతి పొందిన పిమ్మట, 61 ఏండ్ల రాణి మఱియొక గుఱ్ఱమును కవాతునకు అలవాటు చేసికొనక, 1987 నుండి బండిలో వెళ్ళసాగెను.

అట్లని స్వారి మానలేదు. 2020లో, 94వ యేట, విండ్సరులో ఆమె ఎక్కినది బాల్మోరల్ ఫెర్న్ అను పదునాలుగేండ్ల ఫెల్ జాతి తట్టువ. ఉత్తర ఇంగ్లాండు కొండలలోని ఈ జాతి ఎత్తు నాలుగడుగుల ఎనిమిది అంగుళములకు మించదు. ఒడలు దృఢము, అడుగు స్థిరము.

వృద్ధులు చూడవలసినవి ఇవియే. గుఱ్ఱము పొట్టిదైన ఎక్కుట, దిగుట సులువు. వెన్ను మిక్కిలి వెడల్పైన రౌతు తుంటి కీళ్ళు నొచ్చును. దుడుకు నడక నడుమును కుదుపును. ఐస్‌లాండు గుఱ్ఱముల టోల్ట్, కొన్ని మార్వాడీ గుఱ్ఱముల రెవాల్ అను నడకలలో ఆ కుదుపు తక్కువ. ఎక్కువఱకు కదలక నిలుచునదియు, ఎగిరిన కాగితమునకు బెదరనిదియు కావలెను. అమ్మువానిని ముందెక్కించి చూచి, పిదప తాను పలుమాఱులు ఎక్కి చూడవలెను. పీటవేసి ఎక్కుటకు సిగ్గుపడ నక్కఱలేదు. అది గుఱ్ఱపు వెన్నునకు కూడ మేలు.

పాత గర్వముతో పొగరు గుఱ్ఱమునే పట్టుకొని వ్రేలాడినవాడు ఒక్కసారి పడి తుంటి విఱిగిన, స్వారియే దూరమగును. రాణి పెద్ద గుఱ్ఱమును విడిచెను గాని, స్వారిని విడువలేదు.