60 మెగాబైట్ల లైబ్రరీ యాప్‌కు తెచ్చే బరువెంత?



మన పత్రిక పాత సంచికలను ఫోనులో చదువుకొనే యాప్ కావాలని సింగరాయకొండ పరిసర భక్తులు కొందరు కోరినపుడు అడ్డు చెప్పినవాణ్ణి నేనే. పుటలను తెరపై చూపడానికి చేర్చవలసిన లైబ్రరీ ఒక్కటే 60 మెగాబైట్లని విన్నాను. పత్తి తీతకూ మిరప కోతకూ వెళ్ళే తల్లుల చిన్న ఫోన్లలో అంత చోటెక్కడిది? దాతలిచ్చిన ద్రవ్యాన్ని ఎవరూ దించుకోని యాప్‌పై వెచ్చించరాదన్నాను. అది తొందరపాటు మాట.

బెంగళూరులో ఈ వృత్తిలోనే ఉన్న మా మనుమరాలు, "తాతయ్యా, అష్టాధ్యాయిలో సూత్రాలు సుమారు 4,000 గదా. ఒక్క పదాన్ని సాధించడానికి అన్నీ వాడతారా?" అని అడిగింది. వాడము. కావలసిన సూత్రాన్నీ, అది అపేక్షించే తక్కిన సూత్రాలనూ మాత్రమే తెచ్చుకొంటాము. లైబ్రరీ అంటే ముందే యంత్రభాషలోకి మార్చి ఉంచిన చిన్న చిన్న పనిముక్కల మూట. యాప్‌ను కూర్చేవేళ లింకర్ అనే సాధనం, యాప్ పిలిచిన ముక్కలనూ, అవి మళ్ళీ పిలిచే ముక్కలనూ తీసుకొని మిగిలినవి విడిచిపెడుతుంది.

నన్ను ఎక్కువ ఆకట్టుకొన్నది రెండవ కారణం. ధాతుపాఠంలోని అనుబంధాలు వ్యాకరణం చదివినవారికి తెలుసు. 'డుకృఞ్' ధాతువులోని డు, ఞ్ లు ప్రక్రియకు దారి చూపి లోపిస్తాయి. 'కరోతి' అన్నపుడు అవి వినబడవు. కంపైల్ చేసిన లైబ్రరీలోనూ దోషం ఎక్కడుందో వెదకడానికి పనివారికి ఉపకరించే గుర్తులుంటాయి. వాటిని డీబగ్ సమాచారం అంటారు. చాలా చోట్ల అసలు కోడ్ కన్నా వీటి బరువే ఎక్కువ. భక్తుల చేతికందే యాప్‌లో వీటిని తొలగిస్తారు.

ఇంకొకటి. ఒకే స్తోత్రాన్ని తెలుగు, నాగరి, తమిళ, కన్నడ లిపులలో ఒకే పుస్తకంగా కుట్టితే చదువరికి పనికివచ్చేది నాలుగో వంతే. ఆండ్రాయిడ్ లైబ్రరీలోనూ 32 బిట్, 64 బిట్ ఏఆర్ఎం ప్రాసెసర్లకూ, ఇంటెల్ తరహా రెండింటికీ విడివిడి ప్రతులుంటాయి. 2021 ఆగస్టు నుంచి గూగుల్ ప్లేలో కొత్త యాప్‌లను 'యాప్ బండిల్' రూపంలోనే సమర్పించాలి. అందులోనుంచి ఆయా ఫోనుకు తగిన ప్రతి మాత్రమే దిగుతుంది.

అయితే అన్ని లైబ్రరీలూ ఇంతగా తగ్గవు. యాప్ నడిచేటపుడు జతపడే షేర్డ్ లైబ్రరీని లింకర్ ముక్కలు చేయదు. గుర్తులు పోయినా, ఒక్క పని కోసం తెచ్చినా, తక్కినదంతా వెంట వస్తుంది. అందుచేత లైబ్రరీ లేకుండా ఒకసారి, చేర్చి ఒకసారి, విడుదలకు సిద్ధమైన రూపంలో యాప్‌ను కట్టి తేడా చూడాలి. మనుమరాలు అట్లే చేసి చూపింది. తేడా 4 మెగాబైట్లు.

అసలు బరువు నేను పట్టుబట్టి పెట్టమన్న పారాయణ ధ్వనిలో ఉన్నదట! సెకనుకు 128 కిలోబిట్ల చొప్పున అరగంట పారాయణం దాదాపు 29 మెగాబైట్లు. దానిని యాప్‌లో ఉంచక, కావలసినవారే విడిగా దించుకొనే ఏర్పాటు చేయమన్నాను.