ఫీజు రీయింబర్స్‌మెంట్: మనం తీసుకోని అప్పుకి మనమే షూరిటీ

"ఆర్‌టీఎఫ్ పడిందా?" అనే ప్రశ్న వినకుండా తెలుగు రాష్ట్రాల్లో బీటెక్ పూర్తి చేసినవాళ్ళు తక్కువే. ఆర్‌టీఎఫ్ అంటే ప్రభుత్వం కట్టే ట్యూషన్ ఫీజు. ఎంటీఎఫ్ అంటే హాస్టల్, మెస్ లాంటి ఖర్చులకి ఇచ్చే స్కాలర్‌షిప్. రెండు పేర్లూ అందరం వాడతాం. కానీ ఆ డబ్బు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో అడిగితే "ఏమో, పైనుంచి రావాలి" అనేస్తాం. ఆ 'పైన' ఏముందో ఒకసారి చూద్దాం.

ఇది ఎలా మొదలైంది?

ప్రభుత్వం కాలేజీలకి సాయం చేసే పాత పద్ధతి ఎయిడ్. ఎయిడెడ్ కాలేజీలో లెక్చరర్ల జీతం ప్రభుత్వమే ఇచ్చేది. స్టూడెంట్లు ఎంతమంది చేరినా జీతం ఆగదు. ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలు మాత్రం దాదాపు అన్నీ సెల్ఫ్ ఫైనాన్స్ పద్ధతిలో వచ్చాయి. అంటే స్టూడెంట్ల ఫీజే వాటి ఆదాయం.

ఎస్సీ, ఎస్టీ స్టూడెంట్లకి కేంద్రం పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఎప్పటినుంచో ఉంది. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో వై.ఎస్. రాజశేఖర రెడ్డి ప్రభుత్వం బీసీ స్టూడెంట్ల ఫీజు కూడా కట్టడం మొదలుపెట్టింది. తర్వాత ఈబీసీలు కూడా చేరారు. దీంతో డబ్బు కాలేజీని బట్టి కాకుండా స్టూడెంట్‌ని బట్టి వెళ్ళడం మొదలైంది. మీరు ఏ కాలేజీలో చేరితే మీ ఫీజు ఆ కాలేజీకి.

ఐడియా నిజంగా గొప్పది. ఇంట్లో మొదటిసారి ఇంజినీరింగ్ చదివినవాళ్ళు వేలల్లో ఉన్నారంటే ఈ స్కీమ్ వల్లే. దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఫీజు గ్యారంటీగా వస్తుందని తెలిశాక కాలేజీలు పుట్టగొడుగుల్లా వచ్చాయి. రాష్ట్రం విడిపోయే ముందు ఉమ్మడి ఏపీలో ఇంజినీరింగ్ కాలేజీలు ఏడు వందలకి దగ్గర పడ్డాయి. తర్వాత వాటిలో చాలా మూతపడ్డాయి.

డబ్బు నడిచే దారి

ముందు ఫీజు ఎంతో తేలాలి. 2003లో ఇస్లామిక్ అకాడమీ కేసులో సుప్రీంకోర్టు, ప్రతి రాష్ట్రంలో రిటైర్డ్ హైకోర్టు జడ్జి నాయకత్వంలో ఫీజుల కమిటీ ఉండాలని చెప్పింది. తెలంగాణలో ఆ పని టీఏఎఫ్‌ఆర్‌సీ చేస్తుంది. కాలేజీ లెక్కలు చూసి మూడేళ్ళకి ఒకసారి ఫీజు ఫిక్స్ చేస్తుంది.

తర్వాత కౌన్సెలింగ్. కన్వీనర్ కోటాలో సీటు వస్తేనే రీయింబర్స్‌మెంట్. మేనేజ్‌మెంట్ కోటాకి, స్పాట్ అడ్మిషన్‌కి లేదు. ఆదాయం లిమిట్ తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకి ఏడాదికి 2 లక్షలు. బీసీలకి పల్లెల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు. 75 శాతం అటెండెన్స్ కూడా ఉండాలి.

మనం ఈపాస్‌లో అప్లై చేస్తాం. కాలేజీ వెరిఫై చేస్తుంది. సంక్షేమ శాఖ ఆఫీసర్లు శాంక్షన్ చేస్తారు. బిల్లు ట్రెజరీకి వెళ్తుంది, అక్కడ టోకెన్ నంబర్ ఇస్తారు. "శాంక్షన్ అయింది కదా, డబ్బు ఎందుకు రాలేదు?" అనే ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. టోకెన్ అంటే క్యూలో మన నంబర్ మాత్రమే. ఆర్థిక శాఖ నిధులు వదిలేదాకా ఆ క్యూ కదలదు. స్టేటస్ గ్రీన్‌లో ఉన్నా అకౌంట్ ఖాళీగా ఉండేది అందుకే.

ఒక ఇఫ్ కండిషన్ ఖరీదు

తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకి పూర్తి ఫీజు వస్తుంది. బీసీ, ఈబీసీలకి ర్యాంకు 10,000 లోపు ఉంటే పూర్తి ఫీజు, దాటితే 35,000 మాత్రమే. 2022లో కనీస ఫీజు 35,000 నుంచి 45,000కి పెరిగింది. ఈ 35,000 మాత్రం అలాగే ఉండిపోయింది.

ఫీజు లక్ష ఉన్న కాలేజీ అనుకోండి. 9,999 ర్యాంకు వాడు ట్యూషన్ ఫీజు ఏమీ కట్టక్కర్లేదు. 10,001 ర్యాంకు వాడు ఏడాదికి 65,000 కట్టాలి. నాలుగేళ్ళకి 2,60,000. ఇద్దరి మధ్య తేడా బహుశా ఒక ఫిజిక్స్ బిట్. ఇద్దరి ఇళ్ళల్లో ఆదాయం ఒకటే. కోడ్‌లో ఇలాంటి కండిషన్ రాస్తే మన ల్యాబ్ మేడమ్ ఊరుకోరు.

ఆలస్యం ఎవరి మీద పడుతుంది?

రీయింబర్స్‌మెంట్ అనే పేరులోనే విషయం ఉంది. ఎవరో ముందు ఖర్చు పెట్టాలి, తర్వాత తిరిగి ఇస్తారు. ఇక్కడ ముందు ఖర్చు పెట్టేది కాలేజీ. అంటే కాలేజీ ప్రభుత్వానికి అప్పు మీద చదువు చెప్తోంది.

ఒక కాలేజీలో అర్హులైన స్టూడెంట్లు వెయ్యి మంది, ఒక్కొక్కరికి 35,000 అనుకుందాం. ఏడాదికి మూడున్నర కోట్లు. రెండేళ్ళు ఆగితే ఏడు కోట్లు. సిటీలో పేరున్న కాలేజీకి మేనేజ్‌మెంట్ కోటా డబ్బుంటుంది, స్టూడెంట్లు పైన కట్టే ఫీజు ఉంటుంది, నెట్టుకొస్తుంది. జిల్లాలో కనీస ఫీజుతో నడిచే కాలేజీకి ఇదొక్కటే ఆదాయం. ముందు లెక్చరర్ల జీతాలు ఆగుతాయి. మంచి లెక్చరర్లు వెళ్ళిపోతారు. ల్యాబ్‌లో పాడైన సిస్టమ్ పాడైనట్టే ఉంటుంది. పేద పిల్లలు ఎక్కువగా చదివే కాలేజీకే ఎక్కువ దెబ్బ. 2025లో తెలంగాణ ప్రైవేటు కాలేజీలు బకాయిల కోసం బంద్ చేసింది కూడా ఈ బాధతోనే.

చివరికి కాలేజీ ఎవరిని పట్టుకుంటుంది? ప్రభుత్వాన్ని పట్టుకోలేదు కాబట్టి మనల్ని. మా ఊరి అక్క ఒకామెకి క్యాంపస్ ప్లేస్‌మెంట్ వచ్చింది. కంపెనీ ఒరిజినల్స్ అడిగింది. కాలేజీ "గవర్నమెంట్ డబ్బు రాలేదు, మీరు కట్టి తీసుకెళ్ళండి, వచ్చాక తిరిగి ఇస్తాం" అంది. వాళ్ళ నాన్న నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి కట్టాడు. ప్రభుత్వం కాలేజీకి బాకీ, దానికి ఆమె సర్టిఫికెట్లు తాకట్టు. షూరిటీ సంతకం పెట్టినట్టు ఆమెకే తెలియదు.

దారి మారిస్తే సరిపోతుందా?

ఆంధ్రప్రదేశ్ 2021లో వేరే దారి ప్రయత్నించింది. జగనన్న విద్యా దీవెన కింద మూడు నెలలకి ఒకసారి డబ్బు తల్లి అకౌంట్లో వేసేవాళ్ళు. ఆమే కాలేజీకి వెళ్ళి కట్టి, చదువు ఎలా ఉందో అడగాలని ఉద్దేశం. డబ్బు తమదాకా రాదేమోనని కాలేజీలు హైకోర్టుకి వెళ్ళాయి. 2024లో ప్రభుత్వం మారాక మళ్ళీ కాలేజీలకే వేయాలని నిర్ణయించారు. తల్లి అకౌంట్ అయినా, కాలేజీ అకౌంట్ అయినా ట్రెజరీ దగ్గర ఆలస్యమైతే రెండు దారుల్లోనూ ఒత్తిడి వచ్చేది ఇంటి మీదకే.

ఐటీఐల విషయంలో ప్రభుత్వం వేరేగా ఆలోచిస్తోంది. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలని టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తున్నారు. కేంద్రం 2025 మేలో 1,000 ప్రభుత్వ ఐటీఐల కోసం 60,000 కోట్ల పథకానికి ఓకే చెప్పింది. ఇక్కడ డబ్బు మెషీన్లకి, వర్క్‌షాపులకి, అంటే సంస్థకే నేరుగా వెళ్తుంది. రీయింబర్స్‌మెంట్ స్టూడెంట్‌ని గేటు దాటిస్తుంది, లోపల ల్యాబ్ ఎలా ఉందో అడగదు. ఈ పద్ధతి ల్యాబ్ కడుతుంది. మనకి రెండూ కావాలి.

మన చేతిలో ఉన్నవి

అడ్మిషన్‌లో ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలని, దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. టెన్త్, ఇంటర్ మెమోలు ఇచ్చేముందు ఈ మాట గుర్తుంచుకోండి. ఇవ్వక తప్పకపోతే లిస్టు రాయించి రసీదు తీసుకోండి. ఈపాస్ అప్లికేషన్ నంబర్, శాంక్షన్ పేజీ స్క్రీన్‌షాట్ దాచుకోండి. బ్యాంకు అకౌంట్‌కి ఆధార్ లింక్ అయిందో లేదో చూసుకోండి. 2023 యూజీసీ రూల్స్ ప్రకారం కాలేజీలో స్టూడెంట్ గ్రీవెన్స్ కమిటీ, దాని పైన ఓంబుడ్స్‌పర్సన్ ఉండాలి. కంప్లైంట్ నోటితో కాకుండా కాగితం మీద ఇవ్వండి.

ఇవన్నీ జాగ్రత్తలే. అసలు రిపేర్ ట్రెజరీ దగ్గర జరగాలి. అకడమిక్ క్యాలెండర్‌లో మిడ్స్ ఎప్పుడో, సెమ్ ఎగ్జామ్స్ ఎప్పుడో తేదీలుంటాయి. రీయింబర్స్‌మెంట్ విడుదలకి కూడా అలాంటి తేదీ ఎందుకు ఉండకూడదు? మనం ఎగ్జామ్ ఫీజు ఒక్కరోజు లేటుగా కడితే ఫైన్ ఉంది. ప్రభుత్వం మన ఫీజు రెండేళ్ళు లేటుగా కడితే ఆ ఫైన్ కూడా మన నాన్నలే కడుతున్నారు, నూటికి రెండు రూపాయల లెక్కన.